పంటికి ఆపద వచ్చిన వేళ

(కొత్తపేటలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక విశ్రాంత దంతవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నేనూ మీలాగే పింఛను తీసుకుంటున్నవాడినే. ఉద్యోగమంతా ప్రభుత్వ ఆసుపత్రులలో పళ్ళు చూడడంలోనే గడిచింది. ఆ రోజుల్లో నేను ఎక్కువగా విన్న మాట ఒకటుంది: "ఈ వయసులో పన్ను పోతే ఏముందండీ, పోనివ్వండి." పన్ను పోవడం పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ పంటితో మొదలైన జబ్బు మనిషిని ఎంతవరకు తీసుకుపోగలదో చూసినవాడిని కనుక, ఈ నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాను.

ముందుగా మన మనుమల సంగతి. సెలవులకు వచ్చిన పిల్లవాడు అరుగు మీద నుంచో, సైకిలు మీద నుంచో పడ్డాడు. ముందు పన్ను ఊడి చేతిలోకి వచ్చింది. అది పాలపన్ను అయితే తిరిగి పెట్టరాదు. లోపల పెరుగుతున్న పన్ను దెబ్బ తింటుంది. శాశ్వత పన్ను అయితే మాత్రం దాన్ని బతికించుకోవచ్చు. తెల్లని పైభాగాన్నే పట్టుకోవాలి. వేరును ముట్టుకోరాదు, రుద్దరాదు. వేరు మీద ఉండే సన్నని జీవకణాలు ఎండిపోకుండా ఉంటేనే పన్ను మళ్ళీ అతుకుతుంది. మట్టి అంటితే పాలతోగాని, మంచినీళ్ళతోగాని ఒక్కసారి తొలిపి, వీలైతే అదే గుంటలో నిలబెట్టి, శుభ్రమైన గుడ్డను మెల్లగా కొరికి పట్టుకోమనాలి. అది చేతకాకపోతే చల్లని పాలలో వేసి వెంటనే దంతవైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. అరగంటలో వెళితే మంచిది. గంట దాటిన కొద్దీ ఆశ సన్నగిల్లుతుంది. పిల్లవాడు స్పృహ తప్పినా, వాంతి చేసుకున్నా పన్ను సంగతి తరువాత. ముందు తలకు దెబ్బ తగిలిందేమో ఆసుపత్రిలో చూపించాలి.

కోనసీమలో ఉండి కొబ్బరినీళ్ళ మాట అడగకుండా ఎలా ఉంటారు? ఊడిన పంటిని కొబ్బరినీళ్ళలో ఉంచవచ్చునా అని చెన్నై పరిశోధకులు పరీక్షించి, 2008లో అనుకూలమైన ఫలితాలే ప్రకటించారు. తరువాతి పరీక్షలలో అందరికీ అదే ఫలితం రాలేదు. కొబ్బరినీళ్ళకు కొంత ఆమ్లగుణం ఉండడమే అందుకు చెప్పిన కారణం. కనుక పాలు దొరికినచోట పాలే వాడండి. పాలు లేని ఇల్లు మన ఊళ్ళో అరుదు కదా.

ఇక రాత్రిపూట పంటినొప్పి. పగలు సలుపుగా ఉన్నది పడుకోగానే పోటుగా మారుతుంది. పడుకున్నప్పుడు తలకు రక్తపు ఒత్తిడి పెరిగి, వాచిన నరాన్ని నొక్కుతుంది. రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకోండి. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించండి. పిప్పిలో ఇరుక్కున్నది ఉంటే మెల్లగా తీయండి. లవంగనూనె దూదిమీద ఒక్క చుక్క వేసి పిప్పిలోనే పెట్టాలి. చిగురుకు తగిలితే బొబ్బ ఎక్కుతుంది. ఆస్ప్రిన్ బిళ్ళను పంటి పక్కన నొక్కిపెట్టి చిగుళ్ళు కాల్చుకుని వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. నొప్పికి పారాసెటమాల్ చాలు. కాలేయపు జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి వేసుకోవాలి. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, రక్తం పలుచబరిచే మాత్రలు ఉన్నవారు తక్కిన నొప్పి బిళ్ళలను కొట్టువాడి మాట మీద వేసుకోరాదు. యాంటీబయాటిక్కులూ అంతే, అవి పిప్పిని పూడ్చవు. నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు పోయిందనుకోకండి. నరం చచ్చిపోయినా నొప్పి తగ్గుతుంది.

అసలు భయపడవలసింది వాపును చూసి. గడ్డం కింద రెండువైపులా గట్టిగా వాచడం, నోరు తెరుచుకోకపోవడం, మింగలేక చొంగ కారడం, మాట ముద్దగా రావడం, జ్వరం, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. చీము గొంతు వైపు దిగితే ఊపిరి ఆగవచ్చు. దీన్ని 1836లోనే లుడ్విగ్ అనే జర్మను వైద్యుడు వర్ణించాడు. నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మధుమేహం ఉన్నవారిలో ఇది మరీ వేగంగా పాకుతుంది. 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి. వాపు మీద వేడి కాపడం పెట్టకండి.

పన్ను తీయించుకున్న తరువాత రక్తం ఆగకపోతే నిటారుగా కూర్చుని, శుభ్రమైన గుడ్డను మడిచి, ఆ గుంట మీద అరగంటసేపు గట్టిగా కొరికి పట్టండి. ఆగిందా అని మాటిమాటికి తీసి చూడకండి. ఉమ్మకండి, ఆ రోజు పుక్కిలించకండి. బోండంలో గొట్టం పెట్టి పీల్చితే గడ్డకట్టిన రక్తం ఊడి వస్తుంది. రెండోసారి అరగంట పట్టినా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళండి.

గుండెకు మాత్రలు వాడేవారు పన్ను తీయించుకునే ముందు తమంతట తాము వాటిని ఆపకండి. పంటి గుంటలో రక్తాన్ని నొక్కి ఆపగలం. గుండెలోనో, మెదడులోనో రక్తం గడ్డకడితే దాన్ని ఆపడం మన చేతిలో లేదు. మీరు వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకుని దంతవైద్యునికి చూపండి. గుండె కవాటం మార్పించుకున్నవారు, ఎముకల బలానికి మాత్రలో ఇంజక్షన్లో వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి.

మరొక హెచ్చరిక. మెట్లెక్కినప్పుడు కింది దవడ లాగుతూ, కూర్చుంటే తగ్గుతూ ఉంటే అది పన్ను కాకపోవచ్చు, గుండె కావచ్చు. దానితోపాటు చెమటలు, ఛాతీలో బరువు ఉంటే పళ్ళ డాక్టరు కోసం వెతకవద్దు, 108ని పిలవండి.

కట్టుడు పళ్ళవారు రాత్రి వాటిని తీసి నీళ్ళలో ఉంచాలి. విరిగిన ముక్కను జిగురుతో అతికించి పెట్టుకోరాదు. నిద్రలో ఊడి గొంతులోకి జారవచ్చు. రాపిడికి ఏర్పడిన పుండైనా, చుట్ట, పొగాకు అలవాటువల్ల వచ్చిన తెల్లమచ్చ అయినా రెండు వారాలలో మానకపోతే పరీక్ష చేయించండి. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిలిలో క్యాన్సరు రావడం వైద్యగ్రంథాలకెక్కిన సంగతి.

ఇవన్నీ రాకుండా చేసుకునే ఉపాయాలు చవకైనవి. ఇటుకపొడి, బొగ్గు మానండి. అవి పళ్ళను అరగదీస్తాయి. మెత్తని బ్రష్షు, ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రెండు పూటలా తోముకోండి, రాత్రిది ముఖ్యం. రక్తపోటు మాత్రలు కొన్ని నోరు ఎండగొడతాయి. ఎండిన నోట్లో చిగుళ్ళ పక్కన పిప్పి తొందరగా పుడుతుంది. మధ్యమధ్య గుక్కెడు నీళ్ళు తాగండి. పక్కనే ఆత్రేయపురం ఉండగా పూతరేకులు మానమనను. భోజనంతోపాటు ఒకటి తిని నోరు కడుక్కోండి, రోజంతా నములుతూ ఉండకండి. వక్కలు, సోడా మూతలు పళ్ళతో కొరకడం మానండి.

చివరగా లంకల్లో ఉండేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. 1986 ఆగస్టులో, మళ్ళీ 2022 జులైలో గోదావరి ఎలా దారులు మూసిందో మీకు తెలుసు. అటువంటి రోజున పన్ను వాచితే పడవ కోసం ఎదురుచూడవలసి వస్తుంది. కాబట్టి వర్షాకాలానికి ముందే పిప్పి పూడ్పించుకోండి. తక్కినవారు ఏటా జీవన ప్రమాణ పత్రం ఇచ్చే రోజుల్లోనే ఒకసారి, మరో ఆరు నెలలకు ఇంకొకసారి పళ్ళు చూపించుకోండి. మనం బతికి ఉన్నామని ఖజానాకు రుజువు చూపిస్తున్నాం కదా, పళ్ళ సంగతి కూడా అప్పుడే చూసుకుంటే మరిచిపోము.