ఫోను పాఠం చెప్పింది, పిల్లకు వచ్చిందా?

(నడిగడ్డలోని ఒక ఊరిలో, పొదుపు సంఘం సమావేశంలో ప్రాథమిక పాఠశాల టీచరు మాట్లాడిన మాటలు)

 

పొద్దంతా చేన్లో పని చేసి వచ్చారు. కొందరు అన్నం దించి వచ్చారు. కొందరు ఇంకా పొయ్యి ముట్టించలేదు. అందుకని నేను ఎక్కువసేపు మాట్లాడను. ఈ మాట అందరు టీచర్లూ అంటారు, తర్వాత గంటసేపు మాట్లాడతారు అని మీరు నవ్వుతున్నారు. సరే, చూద్దాం.

పోయిన నెల మీరు నన్ను ఒక మాట అడిగారు. "టీచరమ్మా! ఫోన్ల పాఠాలు అంటున్నరు. పిల్లలు పొద్దుమాపు ఫోన్లనే ఉంటున్నరు. అది చదువుకు మంచిదా, చెడ్డదా? ఇయ్యాల్నా, గుంజుకోవాల్నా?" అని అడిగారు. ఆ రోజు నేను జవాబు చెప్పకుండా వెళ్లిపోయాను. ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. అది చెప్పకుండా మీకు బుద్ధులు చెప్పడం నాకు ఇష్టం లేదు.

కరోనా వచ్చిన సంవత్సరం మీకు గుర్తుందా? అది 2020. మార్చి నెలలో బడులు మూసేశారు. చిన్న తరగతుల బడి మళ్లీ తెరిచింది 2021 సెప్టెంబరు 1న. అంటే దాదాపు ఏడాదిన్నర. మార్చిలో 1వ తరగతిలో ఉన్న పిల్ల మళ్లీ బడికి వచ్చేసరికి 3వ తరగతి పిల్ల అయింది. నడుమ ఉన్న 2వ తరగతి ఎక్కడ పోయింది? ఆ పిల్ల తరగతి గది గడప తొక్కలేదు.

అప్పుడు ప్రభుత్వం ఊరుకోలేదు. 2020 సెప్టెంబరు 1 నుంచి టీవీలో పాఠాలు పెట్టింది. దూరదర్శన్ యాదగిరిలో వచ్చేవి. టీ-శాట్‌లో వచ్చేవి. ఫోను ఉన్నవాళ్లు ఫోన్లో చూసేవాళ్లు. మంచి టీచర్లే చెప్పారు. బొమ్మలతో చెప్పారు. కాని ఆ పాఠాలు 3వ తరగతి నుంచి పైవాళ్లకే మొదలయ్యాయి. 1, 2 తరగతుల వాళ్లకు లేవు. అక్షరాలు నేర్చేది ఆ రెండు తరగతుల్లోనే కదా! మీరు ఈ మధ్యనే అక్షరాలు నేర్చుకున్నారు. మొదటి నెలల్లో పక్కన మనిషి లేకపోతే ఎంత కష్టమో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇంకో సంగతి. సెప్టెంబరు అంటే మన నడిగడ్డలో ఏ కాలం? నేను చెప్పనక్కర లేదు. సీడు పత్తి క్రాసింగు కాలం. సాయంత్రం మొగ్గ విప్పి సిద్ధం చేయాలి. తెల్లారి మొగపువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. ఎండ ముదరక ముందే అయిపోవాలి. చిన్న చేతులైతే మొగ్గ దెబ్బతినదని పిల్లలను పిలుస్తారు. 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం నేరం. ఆ ఏడు కూడా అది నేరమే. కాని బడి లేదు, ఇంట్లో పైసలు లేవు. టీవీ ఇంట్లో పాఠం చెబుతూ ఉంది. పిల్ల చేన్లో ఉంది. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఉన్న సంగతి చెబుతున్నాను.

ఫోను సంగతికి వద్దాం. ఇంటికి ఒకటే ఫోను. అది నాయన జేబులో ఉంటుంది. నాయన పనికి పోతే ఫోను కూడా పోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ముందు ఎవరికి ఇస్తాం? నిజం చెప్పండి. ... అదిగో, ఆ మూలన ఒక అవ్వ చెప్పింది, "పిలగానికే" అని. అందరికీ వినపడిందా?

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

మేము టీచర్లం పిల్లల తల్లిదండ్రులతో వాట్సాప్ గుంపులు పెట్టాం. రోజూ పని ఇచ్చేవాళ్లం. నోటుబుక్కులో రాసి ఫొటో తీసి పంపమన్నాం. ఫొటో వస్తే ఆ పిల్ల పేరు పక్కన టిక్కు పెట్టేదాన్ని. నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. అప్పుడు 3వ తరగతి. ఒక్క రోజు కూడా ఆమె ఫొటో తప్పేది కాదు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. నేను ఎంతో మెచ్చుకున్నాను. రెండు చేతుల బొమ్మ, పువ్వు బొమ్మ పంపాను.

ఆ రాత అన్నది. 8వ తరగతి చదివే అన్న రాసి పంపేవాడు. అమ్మాయి రాయలేదు. నేను ఆ రాత చూసి అనుమానపడలేదు. అంత చక్కటి రాత 3వ తరగతి పిల్లదా అని ఒక్కసారి కూడా ఫోను చేసి అడగలేదు. లెక్క సరిపోయింది, అంతే చూశాను.

ఈ సంగతి ఎవరు పట్టుకున్నారు? నేను కాదు. పెద్ద ఆఫీసర్లు కాదు. ఆమె తల్లి పట్టుకుంది.

ఆ తల్లి మీలాగే రాత్రిపూట చదువుకు వచ్చేది. వేలు కింద పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేది. అప్పటికి కూతురు 5వ తరగతికి వచ్చింది. ఒక రోజు కూతురు పాఠం చదువుతోంది. గడగడా చదువుతోంది. తల్లికి ముచ్చట వేసింది. "నాకంటే నా బిడ్డ ఎంత ముందున్నదో" అనుకుంది. తాను కూడా నేర్చుకుందామని పక్కన కూర్చుంది. పాఠం నడుమ ఒక మాట మీద వేలు పెట్టింది.

"ఇది ఏం మాటనే? నాకు రాలే. చెప్పు" అని అడిగింది.

పిల్ల మాట్లాడలేదు. మళ్లీ మొదటినుంచి అందుకుంది. గడగడా చెప్పుకుంటూ వచ్చింది. ఆ మాట దాటిపోయింది. తల్లి మళ్లీ వేలు పెట్టింది. "అట్ల కాదు. ఇది ఒక్కటి చదువు."

పిల్ల ఏడ్చింది.

ఆ పిల్లకు చదవడం రాదు. పాఠం మొత్తం చెవితో నేర్చుకుంది. ఫోన్లో వీడియో ఉంది. అన్న పక్కన పెట్టుకుని ఎన్నోసార్లు విన్నది. పాట నేర్చినట్టు నేర్చింది. ఏ పేజీకి ఏ పాఠమో బొమ్మను చూసి గుర్తుపట్టేది. ఎంత తెలివైన పిల్ల చూడండి! రెండేళ్లు ఎవరికీ దొరకలేదు. ఆ తెలివినంతా రాదన్న సంగతి దాచడానికే ఖర్చు పెట్టింది.

మరునాడు ఆ తల్లి బడికి వచ్చింది. కొట్లాడటానికి వచ్చిందేమో అనుకున్నాను. కొట్లాడినా నేను తల వంచుకునేదాన్ని. ఆమె అన్నది ఒక్కటే మాట. "టీచరమ్మా! నాకు అక్షరాలు రాకముందు అయితే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు." ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తర్వాత ఏం చేశాం? పెద్ద మంత్రం ఏమీ లేదు. బడి అయ్యాక ఒక గంట ఆ పిల్లను, ఇంకా అట్లాంటి పిల్లలను కూర్చోబెట్టాను. నా తరగతిలో వెతికితే అట్లాంటివాళ్లు ఒక్కరు కాదు, తొమ్మిది మంది తేలారు. ఇంటి దగ్గర తల్లీ కూతుళ్లు ఇద్దరూ ఒకే పుస్తకం పట్టుకున్నారు. ఒక వాక్యం తల్లి చదవాలి, ఒక వాక్యం కూతురు చదవాలి. ఒక్కోసారి తల్లి తప్పు కూతురు దిద్దింది. ఏడు నెలలు పట్టింది. ఇప్పుడు ఆ పిల్ల హైస్కూల్లో ఉంది. లెక్కల్లో ఇంకా వెనకే. చదవడం మాత్రం వచ్చింది.

ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. అసర్ అని ఒక సర్వే ఉంది. వాళ్లు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చేతికి చిన్న కాగితం ఇచ్చి చదివిస్తారు. 3వ తరగతి పిల్లలకు 2వ తరగతి పాఠం ఇస్తారు. మన తెలంగాణలో 2018లో 100 మంది పిల్లల్లో 18 మంది చదివారు. అదే తక్కువ. 2022లో ఎంతమంది చదివారో తెలుసా? 100కి 5 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది నుంచి 10 మందికి పడిపోయింది. దేశం మొత్తం మీద చూస్తే 27 మంది నుంచి 20 మందికి తగ్గింది. బడులు నడిచాక, టీచరు ఎదురుగా నిలబడ్డాక, 2024లో దేశం లెక్క మళ్లీ 27కు వచ్చింది.

అయితే ఫోనును నూతిలో పడేద్దామా? వద్దు. అది పనికొచ్చే వస్తువు. పిల్లల బడి పుస్తకంలో చిన్న నల్లగళ్ల చదరపు బొమ్మ ఉంటుంది, చూశారా? దాన్ని క్యూఆర్ కోడ్ అంటారు. ఫోన్లో దీక్ష అనే యాప్ పెట్టుకుని ఆ బొమ్మ మీద పట్టుకుంటే ఆ పాఠం తెర మీద వస్తుంది. గుండె ఎట్లా కొట్టుకుంటుందో, గ్రహణం ఎట్లా పడుతుందో నేను నల్లబల్ల మీద గీసి చూపేదానికంటే అది బాగా చూపుతుంది. నేను కూడా చూసి నేర్చుకుంటాను. పాఠం అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వినవచ్చు. నన్ను పదిసార్లు అడిగితే నేను విసుక్కుంటాను. ఫోను విసుక్కోదు.

కాని ఫోనుకు ఎదురుగా ఉన్న పిల్ల మొహం కనపడదు. తరగతిలో పిల్ల కళ్లు తేలవేస్తే నాకు తెలుస్తుంది, అర్థం కాలేదని. పాఠం ఆపుతాను. ఫోన్లో పాఠం ఆగదు. వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఒకటే తీరుగా సాగిపోతుంది.

ఇంకొకటి. పాఠం పది నిమిషాలు ఉంటుంది. అది అయిపోగానే ఇంకో వీడియో దానంతట అదే వస్తుంది. తర్వాత డాన్సు. తర్వాత కొట్లాట. అవి పొరపాటున వచ్చేవి కావు. మనం ఎంతసేపు చూస్తే ఆ కంపెనీలకు ప్రకటనల మీద అంత డబ్బు. అందుకే చెయ్యి వదలకుండా చూసేటట్టు వాటిని తయారు చేస్తారు. పెద్దవాళ్లమే సీరియల్ చూస్తూ అన్నం మాడబెట్టుకుంటాం. పదేళ్ల పిల్ల తనంతట తాను ఆపుతుందా? 2024లో అసర్ వాళ్లు 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగారు. ఆ వారంలో చదువు కోసం ఫోను వాడినవాళ్లు 100కి 57 మంది. ముచ్చట్లకూ, ఫొటోలకూ, వీడియోలకూ వాడినవాళ్లు 76 మంది.

పాఠం కోసం ఫోను ఇస్తే పక్కన కూర్చోండి. పాఠం కాగానే తీసుకోండి. పడుకునే చోట ఫోను వద్దు. మా ఇంట్లో నేను ఈ నియమం పెడితే మొదట తప్పింది మా ఆయనే. అది వేరే కథ.

ఆడపిల్లల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఇది గట్టిగా చెప్పాలి. ఫోన్లో ఎవడో పిల్లకు తెలియనివాడు మాట కలుపుతాడు. ఫొటో అడుగుతాడు. తర్వాత బెదిరిస్తాడు. అప్పుడు పిల్ల ఇంట్లో ఎందుకు చెప్పదు? వాడంటే భయం కాదు. మనమంటే భయం. చెబితే బడి మానిపిస్తారు, పెండ్లి చేస్తారు అని భయం. కాబట్టి ఈ రాత్రే మీ బిడ్డతో ఒక మాట అనండి. "ఏం జరిగినా నాకు చెప్పు. నిన్ను బడి మానిపియ్య." ఆ మాట మీద నిలబడండి. సాయం కావాలంటే పిల్లల కోసం 1098 నంబరు ఉంది. పైసలు పట్టదు. ఫోన్లో డబ్బు మోసం జరిగితే 1930కి చేయాలి. ఈ రెండు నంబర్లు గోడ మీద బొగ్గుతో రాసుకోండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!

ఇక మీరు అడిగిన దానికి జవాబు. ఫోను ఇయ్యాల్నా, గుంజుకోవాల్నా అన్నారు. ముందు పిల్లకు చదవడం వచ్చిందో రాలేదో చూడండి. అది ఫోను చెప్పదు. మార్కుల కాగితం కూడా ఒక్కోసారి చెప్పదు, నేను పెట్టిన టిక్కులు చూశారు కదా. పుస్తకం నడుమ ఒక పేజీ తీయండి. పిల్ల ఎప్పుడూ చూడని పేజీ అయితే ఇంకా మంచిది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టండి. ఒక మాట మీద వేలు పెట్టి అడగండి. రాకపోతే కొట్టవద్దు. "దద్దమ్మా" అనవద్దు. మీకు మొదట్లో వచ్చిందా? మరునాడు నా దగ్గరికి తీసుకురండి. నా దగ్గరికి కాకపోతే మీ పిల్ల టీచరు దగ్గరికి పోండి. "ఈ పిల్లకు చదవడం రాలేదు, ఏం చేద్దాం" అని అడగండి. భయపడకండి. అడిగితే మాకు కోపం వస్తుందేమో. వచ్చినా అడగండి.

నేను రెండు పుస్తకాలు తెచ్చాను. ఒకటి 2వ తరగతిది, ఒకటి 3వ తరగతిది. పిల్లలు బయట ఆడుకుంటున్నారు. లోపలికి పిలవండి. లైటు కిందికి జరగండి. అక్కా, మొదట మీ పాపను రమ్మనండి. వేలు మీరే పెట్టాలి, నేను కాదు.