వంకనూ కొలుద్దాం, మనిషినీ లెక్కిద్దాం



అరసికెరె అంటే కన్నడంలో రాణి చెరువు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే మన పావగడ తాలూకాలో ఊరి పేరులోనే చెరువు ఉంది. పేరు నిలిచింది. నీళ్ల కోసం మాత్రం వందల అడుగుల లోతుకు బోర్లు వేస్తున్నాం. ఈ వేసవిలో మన వంకలు, కుంటలు, చెరువులు సర్వే చేద్దామని అనుకున్నాం కదా. ఆ పని ఎలా చేయాలో, ఎవరితో కలిసి చేయాలో ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు ఒక లెక్క. ఎకరా నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 4,000 లీటర్లకు పైగా నీళ్లు. 100 ఎకరాల మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే కోటి లీటర్లు. అందులో కొంత నేల తాగుతుంది, కొంత ఆవిరైపోతుంది. మిగిలింది వంకల వెంట కుంటకు చేరాలి. కుంట నిండితే మరవ పారి కింది చెరువుకు పోవాలి. మన పెద్దలు చెరువులను గొలుసుగా కట్టారు. శ్రీలంక మెట్ట ప్రాంతంలోనూ ఇలాంటి గొలుసు చెరువులే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2017లో వాటిని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. పైనున్న చిన్న కుంట ఒండ్రును ఆపితేనే కింది పెద్ద చెరువు బతుకుతుంది.

కాబట్టి చెరువులో పూడిక తీసినంత మాత్రాన నీళ్లు రావు. నీళ్లొచ్చే దారి ఎక్కడ తెగిందో చూడాలి. ఒకచోట రోడ్డు అడ్డం వచ్చి ఉంటుంది, ఒకచోట వంక చేనులో కలిసిపోయి ఉంటుంది, ఇంకోచోట సీమజాలి కంప మూసేసి ఉంటుంది.

నీళ్లు పైన ఆగకపోతే మనం లోతుకు పోతాం. మన రాతినేలలో అలా తోడిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ప్రమాదం ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. మన దేశంలో ఈ జబ్బును 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించారు. పావగడకూ ఆ బాధ తెలుసు. డబ్బున్న ఇంటికి క్యాన్ నీళ్లు వస్తాయి. లేని ఇంటి పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. వాన నీళ్లు చెరువులో నిలిచి నేలలోకి ఇంకితే ఆ ఘాటు తగ్గే అవకాశం ఉంది. అందుకే ఇది న్యాయం పని కూడా.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. ఆ చెరువును విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెప్పారు. రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఒక దోషమట! చుట్టూ చాలావరకు ఆంధ్ర సరిహద్దే ఉన్న మన తాలూకాకు ఆ చిక్కు తెలుసు. వంక పైభాగం ఒక రాష్ట్రం కాగితాల్లో, కిందిభాగం ఇంకో రాష్ట్రం కాగితాల్లో ఉంటే మొత్తం వంకను చూసేవారు ఉండరు. రెండు భాషలూ వచ్చిన మీరే ఆ కాగితాలను పక్కపక్కన పెట్టగలరు.

అదే శాసనం రోజుకు వెయ్యిమంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ల పని అని చెబుతుంది. లెక్క ఉంది గాని, ఆ వెయ్యిమంది పేర్లు లేవు.

మన చెరువుల్లో తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎంత నీరో పంచినవారు నీరుగంట్లు. చాలా ఊళ్లలో వారు దళితులు. ఊరందరికీ నీళ్లు పంచిన చేతులకు ఊరి బావిలో చేద వేసే హక్కు ఉండేది కాదు. 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగడానికే అంబేద్కర్ గారు ఉద్యమం చేయవలసి వచ్చింది. వంక దారి ఎవరికి బాగా తెలుసు అంటే ఆ కుటుంబాల పెద్దలకే. మన సర్వేలో వారు ముందు నడవాలి, మనం వెనక నడవాలి.

పద్ధతి ఇది. ఊరి నక్షా, పహణీలు తెచ్చుకోండి. ఫోనులో దిశాంక్ యాప్ పెట్టుకుంటే నిలబడిన చోటు సర్వే నంబరు తెలుస్తుంది. కట్ట, తూము, మరవ చూసి, అక్కడినుంచి వంక వెంట పైకి నడవండి. తెగిన ప్రతి చోటా ఫొటో తీసి రాయండి. పెద్ద వాన పడిన మరునాడు ఇంకోసారి నడవండి. నీళ్లు పోయే దారి ఆ రోజు నీళ్లే చూపిస్తాయి.

ఇక అసలు కష్టం ఇక్కడుంది. చెరువు గర్భంలో దున్నుకునేవారిలో పలుకుబడి ఉన్నవారూ ఉంటారు, వేరే సెంటు భూమి లేనివారూ ఉంటారు. ‘ఆక్రమణ’ అని ఒకే మాట రాసి ఇస్తే జేసీబీ ముందు ఎవరి గుడిసె దగ్గరకు వస్తుందో మనకు తెలుసు. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు, పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు కేసులో, ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని దేశమంతటికీ చెప్పింది. భూమిలేని కూలీలకు, దళితులకు, గిరిజనులకు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం కౌలుకిచ్చినటువంటి సందర్భాల్లో మినహాయింపు ఉండొచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. కనుక మన పుస్తకంలో ఇంకో గడి గీయండి: ఎవరు, ఎంత, ఎప్పటినుంచి, వేరే భూమి ఉందా, చేతిలో ఏ కాగితం ఉంది. వారికి వేరే దారి చూపకుండా వారి చేను తీయమని మనం అడగకూడదు. అడ్డం వచ్చినవాడు మన సంఘస్థుడైనా, మన చుట్టమైనా ఆ పేరూ రాయాలి.

ఇస్సాకు తన తండ్రి నాటి పూడిన బావులను మళ్లీ తవ్వించి, వాటికి పాత పేర్లే పెట్టాడు. కొత్త బావుల దగ్గర జగడాలు వచ్చాయి. ఏశెకు, శిత్నా దాటి, అందరికీ చోటున్న రహెబోతు చేరేవరకు అతడు తవ్వడం మానలేదు. మనకూ జగడాలు వస్తాయి. అయినా పని ఆపవద్దు.

తొలకరికి ముందు సర్వే ముగించి, గ్రామసభలో అందరి ముందూ చదివి, పంచాయతీకి ఒక ప్రతి ఇద్దాం. ప్రతి జట్టులో అమ్మాయిలూ ఉండాలి. ఇంటికి నీళ్లు మోసేది వాళ్లే. నీరుగంటి కుటుంబం నుంచి ఒక పెద్దాయననో, పెద్దమ్మనో బతిమాలి పిలుచుకు రండి. వాళ్లు చెప్పింది వాళ్ల పేరుతోనే రాయండి.