ఇంటిపేరు చివర ఉంటుంది
(నకిలీ వెబ్‌సైట్ల విషయమై పౌర అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు కుటుంబాలలో తొలి కాన్పు పుట్టింట జరగడం తరతరాలుగా వస్తున్న ఆచారం. బరంపురంలో కాపురమున్న కోడలు కాన్పుకు ఇచ్ఛాపురం వెళుతుంది. బళ్లారి కోడలు గుంతకల్లుకు, హోసూరు కోడలు కుప్పానికి, యానాం కోడలు కాకినాడకు వెళుతుంది. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో బిడ్డతో అత్తవారింటికి తిరిగి వస్తుంది. ఈ రాకపోకలకు రాష్ట్ర సరిహద్దు అడ్డు కాదు. కానీ కార్యాలయాలకు సరిహద్దు ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, జననం ఏ ఊరిలో సంభవించిందో ఆ ఊరి రిజిస్ట్రారు వద్దనే నమోదు కావాలి. కుటుంబం నివసించే ఊరి పురపాలక కార్యాలయం ఆ పత్రాన్ని ఇవ్వజాలదు.

అందువల్ల పిల్లవాణ్ణి బడిలో చేర్చే వేళకు పత్రం చేతిలో లేని కుటుంబానికి రెండే దారులు మిగులుతాయి. ఒకటి, పని మానుకొని పొరుగు రాష్ట్రానికి ప్రయాణం కట్టడం. రెండవది, ఫోను తెరిచి అంతర్జాలంలో వెతకడం. చాలామంది రెండవ దారినే ఎన్నుకుంటారు. అందులో తప్పేమీ లేదు. ఆ సౌకర్యం ఏర్పడింది ప్రజల కోసమే. అయితే ఆ దారిలో అసలు కార్యాలయం గుమ్మానికి ముందే, అదే రంగులతో, అదే రాజముద్రతో మరొక గుమ్మం వెలసి ఉంటుంది. దానినే నకిలీ వెబ్‌సైటు అంటారు.

తెలుగునాట పగటివేషగాళ్ల విద్య పెద్దలకు తెలియనిది కాదు. తహసీల్దారు వేషం కడితే ఊరి కరణమే లేచి నిలబడేంత సహజంగా ఉండేదని చెప్పుకుంటారు. కానీ పగటివేషగాడు చివరకు తన వేషం సంగతి తానే చెప్పి, ఆ తర్వాతనే సంభావన అడుగుతాడు. నకిలీ వెబ్‌సైటు సంభావన ముందే పుచ్చుకుంటుంది, వేషం సంగతి ఎన్నటికీ చెప్పదు.

ఈ వేషం కట్టడం కష్టమైన పని కాదు. ఏ వెబ్‌సైటైనా పౌరుని ఫోనులో కనబడాలంటే దాని అక్షరాలు, బొమ్మలు, రంగులు అన్నీ ఆ ఫోనుకు చేరవలసిందే. అలా చేరినవాటిని ఎవరైనా నకలు తీసుకోవచ్చు. నాలుగు సింహాల ముద్ర, మంత్రుల ఛాయాచిత్రాలు, దరఖాస్తు గడులు, చివరకు ‘నకిలీ వెబ్‌సైట్లతో జాగ్రత్త’ అనే హెచ్చరిక సైతం యథాతథంగా నకలవుతుంది. కనుక పుట ఎలా కనబడుతున్నదన్నది దేనికీ రుజువు కాదు. నకలు చేయలేనిది ఒక్కటే ఉంది. అది చిరునామా.

తెలుగువారికి బాగా పరిచయమైన ఒక ఉదంతం ఈ సంగతిని విశదం చేస్తుంది. 2023 ఏప్రిల్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం ఫిర్యాదుపై పోలీసులు ఒక నకిలీ వెబ్‌సైటు మీద కేసు నమోదు చేశారు. దేవస్థానం గుర్తించి ఫిర్యాదు చేసిన నకిలీలలో అది 41వది. అప్పటి అసలు చిరునామా ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. నకిలీ చిరునామా ‘తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఓఆర్‌జీ’. రెండింటిలోనూ స్వామి పేరు ఉంది, రాష్ట్రం పేరు ఉంది, ప్రభుత్వాన్ని సూచించే గవ్ అనే మాట కూడా ఉంది. చుక్కలు ఉండవలసిన చోట అడ్డగీతలు వచ్చాయి. చివర ఇన్ ఉండవలసిన చోట ఓఆర్‌జీ వచ్చింది. దర్శనం టికెట్టు కోసం తొందరపడే భక్తుని కంటికి ఆ తేడా ఆనదు. కానీ అసలుకు, నకిలీకి ఉన్న సరిహద్దు అంతా ఆ కాస్త తేడాలోనే ఉంది.

ఆ తేడాను పట్టుకోవడానికి ఆంగ్ల పాండిత్యం అవసరం లేదు. ఒక్క పద్ధతి తెలిస్తే చాలు. తెలుగువారు పేరు రాసేటప్పుడు ఇంటిపేరు ముందు రాస్తారు. సోలాపురంలోను, ముంబయిలోను స్థిరపడిన తెలుగువారు అక్కడి పద్ధతిని అనుసరించి, కార్యాలయ పత్రాలలో ఇంటిపేరును చివరకు మార్చుకున్నారు. వెబ్ చిరునామాది సోలాపురం పద్ధతి. దాని ఇంటిపేరు చివర ఉంటుంది. ముందున్నవన్నీ పెట్టుకున్న పేర్లు. ఎవరైనా, ఏవైనా పెట్టుకోవచ్చు. వంశం తెలిపేది చివరి మాట మాత్రమే.

భారతదేశంలో ‘గవ్ డాట్ ఇన్’ అనే ఇంటిపేరు ప్రభుత్వ సంస్థలకు మాత్రమే లభిస్తుంది. దానిని కేంద్ర ప్రభుత్వానికి చెందిన జాతీయ సమాచార కేంద్రం, అనగా ఎన్‌ఐసీ, కేటాయిస్తుంది. ‘నిక్ డాట్ ఇన్’ అనేదీ ఆ కుటుంబానికి చెందినదే. ‘డాట్ కామ్’, ‘డాట్ ఓఆర్‌జీ’, ఒంటరిగా ఉన్న ‘డాట్ ఇన్’ మాత్రం బజారు సరుకులు. రుసుము చెల్లించిన ఎవరికైనా దొరుకుతాయి. ఇన్ అనే మాట ఇండియాను సూచిస్తుంది కనుక అది ప్రభుత్వానిదే అయివుంటుందని చాలామంది భ్రమపడతారు. విదేశాంగ మంత్రిత్వ శాఖ తన పాస్‌పోర్టు వెబ్‌సైటులో ప్రకటించిన నకిలీల జాబితాలో ‘పాస్‌పోర్ట్ హైఫన్ ఇండియా డాట్ ఇన్’ అనేది ఒకటి. అసలుది ‘పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్’. సాక్షాత్తు సుప్రీంకోర్టుకే ఈ బెడద తప్పలేదు. తమ వెబ్‌సైటును అనుకరిస్తూ వెలసిన నకిలీల గురించి న్యాయస్థానం రిజిస్ట్రీ 2025 జనవరిలో ప్రజలకు ప్రకటన జారీచేసింది.

చదివే క్రమం ఇది. చిరునామాలో మొట్టమొదటి ఏటవాలు గీత ఎక్కడ ఉందో చూడాలి. ప్రారంభంలో ‘హెచ్‌టీటీపీఎస్’ తరువాత జంటగా వచ్చే గీతలను లెక్కలోకి తీసుకోరాదు. ఆ తరువాత వచ్చే ఒంటి గీతకు వెనుక ఏమున్నా పట్టించుకోనక్కరలేదు. గీతకు ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదట ఇన్, ఆపైన చుక్క, ఆపైన గవ్, ఆపైన మళ్లీ చుక్క రావాలి. గవ్ అనే మాట చిరునామా మధ్యలో ఎక్కడో ఉండి, చివర కామ్ ఉంటే అది ప్రభుత్వానిది కాదు. ఫోను తెరపై చిరునామా సగమే కనబడుతుంటే, దానిపై వేలుంచి పూర్తిగా తెరచి చూడాలి.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. రైలు టికెట్లు అమ్మే ప్రభుత్వ రంగ సంస్థ చిరునామా ‘ఐఆర్‌సీటీసీ డాట్ సీఓ డాట్ ఇన్’. బ్యాంకులకు ‘బ్యాంక్ డాట్ ఇన్’ అనే ప్రత్యేకమైన ఇంటిపేరు ఉండాలని రిజర్వు బ్యాంకు 2025లో నిర్ణయించింది. దానిని కేటాయించే బాధ్యత హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థకు అప్పగించింది. ఇటువంటి సంస్థల విషయంలో చేతిలో ఉన్న కాగితాన్ని నమ్మాలి. పాసుపుస్తకం మీద, పాత రసీదు మీద, టికెట్టు మీద ముద్రించిన చిరునామాను చూసి తామే టైపు చేయాలి.

ప్రజలలో పాతుకుపోయిన మూడు అపోహలను కూడా ఇక్కడ ప్రస్తావించడం అవసరం.

మొదటిది తాళం గుర్తు. చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే సురక్షితమని చాలాకాలం ప్రచారం జరిగింది. ఆ తాళానికి అర్థం వేరు. ఫోనుకు, ఆ వెబ్‌సైటుకు మధ్య నడిచే సమాచారాన్ని దారిలో మరొకరు చదవలేరని మాత్రమే అది చెబుతుంది. అవతల ఉన్నది దొరో దొంగో చెప్పదు. అటువంటి తాళాన్ని నకిలీ వెబ్‌సైటు కూడా ఉచితంగా పొందవచ్చు. జనం దీనిని అపార్థం చేసుకుంటున్నారనే కారణంతోనే 2023లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజరు నుంచి ఆ బొమ్మను తొలగించింది.

రెండవది వరుసలో మొదటి స్థానం. వెతికినప్పుడు అన్నిటికన్నా పైన కనబడేది అసలుదని భావించరాదు. పైన కనబడేవాటిలో కొన్ని డబ్బు చెల్లించి వేయించుకున్న ప్రకటనలు. వాటి పక్కన ‘స్పాన్సర్డ్’ అనే మాట చిన్న అక్షరాలలో ఉంటుంది.

మూడవది క్యూఆర్ కోడ్. ధ్రువపత్రం మీద ఆ నల్ల గడుల చతురస్రం ఉంటే నిజమైనదని నమ్ముతారు. నకిలీ పత్రం మీది క్యూఆర్ కోడ్ నకిలీ వెబ్‌సైటుకే తీసుకుపోతుంది. పత్రం సరైనదేనని అదే సాక్ష్యం చెబుతుంది. దొంగకు దొంగే జామీను నిలబడినట్లన్నమాట. స్కాన్ చేసిన తరువాత తెరుచుకున్న పుట చిరునామాను కూడా పైన చెప్పిన క్రమంలోనే చదవాలి.

నకిలీ వెబ్‌సైటు వల్ల పోయేది కొద్ది రుసుమే కదా అని కొందరు సరిపెట్టుకుంటారు. జనన పత్రం విషయంలో నష్టం అంతటితో ఆగదు. 2023లో సవరించిన చట్టం ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టిన బిడ్డలకు బడిలో ప్రవేశం మొదలుకొని ఓటర్ల జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, వివాహ నమోదు, ప్రభుత్వ ఉద్యోగం వరకు జనన తేదీకి, జన్మస్థలానికి జనన పత్రమే ఆధారం. ప్రభుత్వ పుస్తకంలో నమోదు కాని జననానికి ఎంత అందమైన పత్రం ఉన్నా అది చెల్లదు. ఆ సంగతి బయటపడేసరికి ఏళ్లు గడచిపోవచ్చు. జననం జరిగి ఏడాది దాటిన తరువాత నమోదు చేయించాలంటే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పుట్టింటి ఊరు పొరుగు రాష్ట్రంలో ఉన్న కుటుంబానికి అది ఎంత శ్రమో వేరుగా చెప్పనక్కరలేదు. పైగా దరఖాస్తు గడులలో నింపిన తల్లిదండ్రుల ఆధార్ సంఖ్యలు, ఫోను సంఖ్యలు మోసగాళ్ల చేతిలో శాశ్వతంగా ఉండిపోతాయి.

దీనికి మేలైన నివారణ అంతర్జాలంలో లేదు, పుట్టింటిలోనే ఉంది. జననాన్ని 21 రోజులలోగా తెలియజేస్తే నమోదుకు రుసుము లేదు. నమోదైన వెంటనే పత్రం కూడా ఉచితంగా ఇవ్వాలని చట్టం చెబుతోంది. తెలుగువారు చాలామంది 21వ రోజున బారసాల చేస్తారు కనుక ఈ గడువు గుర్తుంచుకోవడం సులభం. ఆసుపత్రిలో కాన్పు జరిగితే సమాచారం పంపవలసిన బాధ్యత ఆసుపత్రిదే. పంపారో లేదో కనుక్కోవలసినది కుటుంబం. అప్పటికి పేరు నిర్ణయం కాకపోయినా నమోదు ఆపనక్కరలేదు. పేరును 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆపైన 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్పించుకోవచ్చు. బిడ్డను అత్తవారింటికి సాగనంపేటప్పుడు సారెతో పాటు ఆ పత్రాన్ని కూడా పంపితే, తరువాత నకిలీ గుమ్మం తొక్కవలసిన అగత్యమే రాదు. అంతర్జాలంలోనే పని జరగవలసి వస్తే, జనన మరణాల నమోదుకు కేంద్ర రిజిస్ట్రారు జనరల్ నడిపే చిరునామా ‘డీసీ డాట్ సీఆర్ఎస్ఓఆర్‌జీఐ డాట్ గవ్ డాట్ ఇన్’. ఇంటర్నెట్ సెంటరులో పని చేయించుకునేవారు కంప్యూటరు తెర తమవైపు తిప్పించి, చిరునామా చివరి మాటలు స్వయంగా చూసిన తరువాతనే డబ్బు చెల్లించాలి.

మోసం జరిగిపోతే ఆలస్యం చేయరాదు. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయాలి. ఇది దేశమంతటా ఒకటే సంఖ్య. డబ్బు మోసగాని ఖాతా నుంచి మరో ఖాతాకు మారేలోగా దానిని నిలిపివేయించే అవకాశం ఉంటుంది. గంటలు గడిచినకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. బ్యాంకుకు తెలియజేసి, ఫిర్యాదు సంఖ్య రాయించుకోవాలి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఉత్తర్వు ప్రకారం, రహస్య సంఖ్యను ఖాతాదారే పొరపాటున ఇచ్చినప్పటికీ, బ్యాంకుకు తెలియజేసిన తరువాత ఖాతాదారు అనుమతి లేకుండా పోయే సొమ్ముకు బ్యాంకే బాధ్యత వహించాలి. వెబ్‌సైటు పుటను, చెల్లింపు రసీదును తెరచిత్రాలుగా భద్రపరచాలి. కంప్యూటరు ద్వారా మరొకరి వేషంలో మోసం చేయడం సమాచార సాంకేతిక చట్టం 66డి విభాగం కింద నేరం. మూడేళ్ల వరకు కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి.

ఫిర్యాదుకు తరచు అడ్డుపడేది సిగ్గు. పిల్లలు మందలిస్తారనో, పదిమందిలో చులకన అవుతామనో పెద్దవారు నోరు మెదపరు. వేషం కట్టినవాడు నేరస్థుడు గాని, నమ్మినవాడు కాదు. ఇంట్లో ఆ మాట ధైర్యంగా చెప్పుకోగలిగితేనే 1930కి ఫోను సకాలంలో వెళుతుంది.

కార్యాలయాల బాధ్యత కూడా తక్కువది కాదు. ఒక నకిలీని మూయిస్తే మరొకటి పుడుతుందని 41 అనే సంఖ్యే చెబుతోంది. కనుక అసలు చిరునామాను జనానికి కంఠస్థం చేయించడమే ప్రధానమైన పని. పన్ను రసీదు మీద, నీటి బిల్లు మీద, వార్డు కార్యాలయం గోడ మీద అది పెద్ద అక్షరాలలో ఉండాలి. చిరునామా మారితే ముందుగా చాటింపు వేయాలి. తిరుపతి దేవస్థానం చిరునామా 2024 జనవరిలో ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’గా మారింది, అప్పుడు కూడా చివరి మూడు మాటలు మారలేదన్నది గమనించదగిన విషయం. ఒడియా, కన్నడ, తమిళ, మరాఠీ లిపులు చదవలేని తెలుగు పెద్దవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. భాష అర్థం కాని పుటలో వారు రాజముద్రను మాత్రమే చూసి నమ్ముతారు. వారికి అర్థమయ్యే లిపిలో హెచ్చరిక ముద్రించడం కార్యాలయాలు నెరవేర్చవలసిన విధి.

అంతవరకు ప్రతి ఇంటా చేయదగిన పని ఒకటి ఉంది. ఆస్తిపన్ను, నీటి పన్ను, జనన పత్రం, విద్యుత్తు, బ్యాంకు, ఈ ఐదింటి అసలు చిరునామాలను కార్యాలయంలో అడిగి తెలుసుకొని, ఒక కాగితం మీద రాసి, గోడమీది క్యాలెండరు పక్కన అతికించుకోవాలి. చదువుకునే పిల్లల చేత ఆ కాగితం రాయించాలి. రాసేటప్పుడు ప్రతి చిరునామాకు చివరి మాటల కింద గీత గీయించాలి.