మన ఉద్యమాల చరిత్ర మనమే రాయాలంటే
(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నివేదికలు రాయడం మనందరికీ అలవాటే. సభ ఎక్కడ జరిగింది, ఎంతమంది వచ్చారు, ఏం తీర్మానించాం అన్నీ రాస్తాం. మన ఉద్యమాల చరిత్ర మాత్రం ఇతరులు రాస్తే చదువుతున్నాం. చరిత్రకారుల్లా ఆలోచించడం అంటే ఏమిటో సారా వ్యతిరేక ఉద్యమాన్ని తీసుకుని చూద్దాం.

అందరికీ తెలిసిన కథ ఒకటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు అక్షరాస్యతా తరగతిలో సారా గురించిన పాఠం చదివారు, చైతన్యం పొందారు, సారా అమ్మకం ఆపించారు. ఇది అబద్ధం కాదు. కానీ ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమైపోదు. అక్షరాస్యతా తరగతులు ఇతర జిల్లాల్లోనూ జరిగాయి. కూలి డబ్బులు సారాకి పోవడం, ఇంట్లో దెబ్బలు, మంచినీళ్లు లేని ఊరికి కూడా సారా పాకెట్లు చేరడం - ఇవి తెలియడానికి స్త్రీలకు వాచకం అక్కర్లేదు. నా దృష్టిలో తరగతి వాళ్లకిచ్చింది కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు. ఈ తేడా చిన్నదేం కాదు. పాఠమే కారణమంటే ఖ్యాతి ప్రభుత్వానికి పోతుంది. సారా వేలంపాటలు పెట్టి ఆదాయం తీసుకున్నదీ ఆ ప్రభుత్వమే!

రెండో విషయం ఆధారాలు. ఏ కాగితాన్నయినా ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం రాశారని అడగాలి. ఎక్సైజు లెక్కల్లో ఆదాయం ఉంటుంది, దెబ్బలుండవు. మన కరపత్రాల్లో ఐక్యత ఉంటుంది, ఊళ్లో కులాల మధ్య వచ్చిన తగాదా ఉండదు. మనం రాసిన కాగితాన్నీ అదే అనుమానంతో చదవాలి.

స్త్రీల జ్ఞాపకాలూ ఆధారాలే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పిన మాటలతోనే 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తేదీ చెప్పలేని మనిషి "మా పెద్దపిల్ల పెళ్లయిన ఏడాది" అంటుంది. ఆ పెళ్లి దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా అని అడిగితే, ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది కాబట్టి, మనకు కాలం దొరుకుతుంది. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. నచ్చనిదాన్ని కొట్టేయకండి.

ఇక రాయడం. "నిషేధం ఎత్తివేయబడింది" అని రాస్తే చేసినవాళ్లు మాయమవుతారు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చెప్పాలి. 1992లో స్త్రీలు వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది, సారాపై నిషేధాన్ని మాత్రం అలాగే ఉంచింది. ఇలా విడదీసి రాస్తే "ఉద్యమం విఫలమైంది" అనే తేలిక తీర్పు నిలవదు. వెనక్కి తగ్గింది ప్రభుత్వం.

ఆనాడు దుకాణాల ముందు నిలబడ్డ స్త్రీలు ఇప్పుడు వృద్ధులు. చాలామంది లేరు. మీ సంఘాల పాత మినిట్సు పుస్తకాలు చెదలు పట్టకముందే తీయండి. అందులో "40 మంది మహిళలు" అని ఉన్నచోట వాళ్లెవరో వెళ్లి అడగండి. వాళ్లు ఒప్పుకుంటే పేర్లు రాయండి. ఒప్పుకోకపోతే పేరు లేకుండా మాట రాయండి. అదే మొదటి పని.