పొడి అక్షరాల్లో ఒదగని పేరు



‘ఆధునిక ప్రపంచంలో ముస్లిం అస్తిత్వం’ అనే విషయమై ప్రసంగించవలసిందిగా నిర్వాహకులు మమ్ము ఆహ్వానించారు. విషయం పెద్దది. మేము పండితులము కాము. రెవెన్యూ శాఖలో ముప్పై నాలుగు సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవారము. కనుక మాకు తెలిసిన రిజిస్టర్ల మార్గంలోనే ఈ విషయంలోకి ప్రవేశిస్తాము. అస్తిత్వమనగానే సభల్లో టోపీ గురించి, గడ్డం గురించి, హిజాబ్ గురించి మాట్లాడుకుంటున్నాము. మాట్లాడుకోవలసిందే. అయితే ప్రభుత్వానికి మనలను ఎరుకపరచేది మన పేరు. ఆ పేరును మనము ఎట్లా రాసుకుంటున్నాము?

మొదట మా తప్పు చెప్పుకుంటాము. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో రిజిస్టరులో గడి చిన్నది, పేరు పెద్దది. ‘షేక్’ను ‘ఎస్.కె.’ అనీ, ‘మహమ్మద్’ను ‘ఎండి.’ అనీ రాసేవారము. ఎవ్వరూ అభ్యంతరం చెప్పలేదు. పైగా మనవాళ్లే, ‘ఎస్కే మస్తాన్ అని వేసుకోండి సార్’ అనేవారు. దైవప్రవక్త (సఅసం) పేరును రెండు పొడి అక్షరాలు చేసి, పక్కన చుక్క పెట్టి, తరువాతి వరుసకు వెళ్లిపోయాము. భక్తి లేక కాదు, అలవాటు వల్ల.

తరువాత 2007 వచ్చింది. ముస్లింలలో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టమైంది. బి.సి.-ఇ అనే కొత్త జాబితాలో 14 వర్గాలు చేరాయి. అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీలు, సిద్దీలు, వారితోపాటు షేక్‌లు. సయ్యద్, పఠాన్, మొఘల్ మొదలైనవారు అందులో లేరు. దూదేకుల, నూర్‌బాషా సోదరులు అంతకు పూర్వమే బి.సి.-బిలో ఉన్నారు. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషన్ నిలిచింది. ఈ చరిత్ర మీలో చాలామందికి తెలిసినదే. మేము చెప్పదలచినది ఒక్కటే: నిన్నటి దాకా చుక్క పెట్టి వదిలేసిన మాటే పిల్లవాడి కాలేజీ సీటుకు తాళంచెవి అయింది.

ఆ తరువాత కొన్నాళ్లకు ఒక తండ్రి కుమారుని వెంటబెట్టుకొని మా కార్యాలయానికి వచ్చాడు. ఇంజనీరింగు కౌన్సెలింగుకు కులధ్రువపత్రం కావాలి. కుర్రవాని పదో తరగతి సర్టిఫికెట్టులో పేరు ముందు ‘ఎస్.’ అని ఒకే అక్షరం. తండ్రి రేషను కార్డులో ‘ఎస్.కె.’. తాత పేరున్న పట్టాదారు పుస్తకంలో వట్టి మస్తాన్ సాహెబు. ‘ఎస్ అంటే షేకా, సయ్యదా?’ అని పై అధికారి అడిగారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. షేక్ అయితే పత్రం ఇవ్వాలి, సయ్యద్ అయితే ఇవ్వరాదు. ఊరికి వెళ్లి విచారణ చేసి, ఇరుగుపొరుగు వాంగ్మూలాలు తీసుకొని వచ్చేసరికి ఆ విడత కౌన్సెలింగు ముగిసిపోయింది. రేషను కార్డు పాత దస్త్రం తీసి చూస్తే అందులో ‘ఎస్.కె.’ అని ఉన్న చేవ్రాత మాది. ఆ తండ్రికి ఈ సంగతి తెలియదు. శ్రమపడ్డారు బాబూ అని మాకు సలాం చెప్పి వెళ్లాడు.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే దీర్ఘమైన ఆయత్ ఏది? ఇక్కడున్న ఉలమాకు తెలుసు, అల్ బఖరా సూరాలోని 282వది. అంత పెద్ద ఆయత్ అప్పు పత్రం రాసుకోవడం గురించి. లేఖకుడు న్యాయంగా రాయాలి, రాయనని నిరాకరించరాదు, మొత్తం చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయడానికి విసుగు చెందరాదు, సాక్షులుండాలి అనే ఆదేశాలు అందులో ఉన్నాయి. ఉద్యోగకాలమంతా మేము దానిని పారాయణ చేశాము. అది మా బల్ల మీది పని గురించేనని గ్రహించలేదు. విశ్రాంతి పొందిన తరువాత తెలుగు అనువాదంలో చదువుతూ, విసుగు చెందరాదన్న చోట కళ్లజోడు తీసి పక్కన పెట్టాము. ఆ రోజు ఇక చదవలేకపోయాము.

ఇప్పుడు యువకులతో ఒక మాట. మీలో కొందరు నగరంలో అద్దె గది కోసం ఫోను చేసినప్పుడు పేరు సగమే చెబుతున్నారు. ఎందుకో మాకు తెలుసు; గది దొరకని రాత్రి ఎట్లా ఉంటుందో కూడా తెలుసు. మిమ్ములను నిందించము. మరికొందరు తాతగారి మస్తాన్ వలీ, నాగూర్ మీరా పేర్లు అరబ్బీ పేర్లవలె లేవని సిగ్గుపడి, పిల్లలకే కాక తమకు కూడా పేర్లు మార్చుకుంటున్నారు. ఒకరికి పొరుగువాని చూపంటే భయం, మరొకరికి మనవాళ్ల చూపంటే భయం. మాకు రెండూ ఒకటిగానే తోస్తున్నాయి. మస్తాన్ అనగానే నెల్లూరు వైపు కసుమూరు దర్గా గుర్తుకు వస్తుంది, సైదులు అనగానే జాన్‌పహాడ్. ఆ పేర్లు హిందూ సోదరుల ఇళ్లలోనూ ఉన్నాయి. ‘మస్తానమ్మ’ అని రాసి మతం గడి దగ్గర కలం ఆపి అడగవలసి వచ్చిన సందర్భాలు మాకు ఎన్నో! దర్గాల ఆచారాలపై మనలో అభిప్రాయ భేదాలున్నాయి, ఉండనివ్వండి. బిలాల్‌ను హబషీ అనీ, సుహైబ్‌ను రూమీ అనీ, సల్మాన్‌ను ఫార్సీ అనీ నేటికీ తలుస్తున్నాము. వారి ఊరి వాసన వారి ఈమాన్‌ను తగ్గించలేదు. పైగా ఒక్కసారి పేరు మారిస్తే తాత పట్టాకూ మనుమని సర్టిఫికెట్టుకూ మధ్య ఉన్న దారం తెగుతుంది.

ఆ దారం విలువ అస్సాం ప్రజలను అడగాలి. 2019 ఆగస్టు 31న వెలువడిన అక్కడి పౌర పట్టికలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. మిమ్ములను భయపెట్టడానికి ఈ మాట అనడం లేదు. భయపడినవాడు బ్రోకరు దగ్గరకు పరుగెత్తుతాడు, బ్రోకరు ఇంకో తప్పు రాయిస్తాడు.

2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేరిక మొదలు పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం సవరించారు. ఆసుపత్రిలో తొందరగా చెప్పిన ఒక్క మాట ఇక జీవితాంతం వెంట వస్తుంది. పేరు లేకుండా నమోదైతే 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆపైన 15 ఏళ్ల వరకు రుసుముతో చేర్పించవచ్చు. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు బడి నుంచి నామినల్ రోల్స్ పంపే ముందే స్వయంగా వెళ్లి చూడాలి. షేక్ అని పూర్తిగా ఉన్నదా, ఆంగ్లంలో అక్షరాల వరుస అన్ని కాగితాల్లోనూ ఒకటిగా ఉన్నదా? సర్టిఫికెట్టు అచ్చయి వచ్చిన తరువాత దిద్దించుకోవడం ఎంత ప్రయాసో మేము బల్లకు అవతల వైపు నుంచి చూశాము.

ఆడవారి సంగతి మరీ దారుణం. పుట్టింట ‘బీ’, అత్తింట ‘బేగం’, ఓటరు జాబితాలో రెండూ లేవు. వితంతు పింఛను కోసం వచ్చిన తల్లులు తమ పేరు తమదేనని నిరూపించుకోలేక గుమ్మం దగ్గర కూర్చోవడం మేము ఎరుగుదుము.

వచ్చే ఆదివారం నుంచి అసర్ నమాజు తరువాత మసీదు వరండాలో మేమూ, పదవీ విరమణ చేసిన మరో ఇద్దరు ఉపాధ్యాయులూ కూర్చుంటాము. దరఖాస్తులు రాసిపెడతాము, రుసుము లేదు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెండి, చిరిగినవి కూడా. తాతల పేరున్నవే కాక, అమ్మ పేరు, నానమ్మ పేరు ఉన్న కాగితం ఏదైనా ఉంటే దానిని పైన పెట్టి తీసుకురండి.