ఊహాజట్టుకు ఆటగాండ్ర ఎంపిక

అమెరికా దేశమున ఫాంటసీ ఫుట్‌బాల్ అను నొక వినోదము కలదు. దీని నాడువారు మైదానమునకు పోరు, బంతిని ముట్టరు. పదిమందియో పండ్రెండుగురో మిత్రులు ఒకచోట చేరి, నిజమైన ఆటగాండ్రలో తలకు కొందరిని వంతులవారీగా ఏరుకొని, ఊహలో జట్లు కూర్చుకొందురు. ఆ ఆటగాండ్రు నిజమైన పోటీలలో చేసిన పనికి మార్కులు కట్టుదురు. ఎవరి మొత్తము హెచ్చైన ఆ వారము వారిదే గెలుపు. 1962లో ఓక్‌లాండ్ రైడర్స్ జట్టున భాగస్వామియైన బిల్ వింకెన్‌బాక్, న్యూయార్కులో ఒక హోటలునందు మిత్రులతో కూడి దీనికి నియమము లేర్పరచెను. మొదటి ఎంపిక 1963లో జరిగెను. నేడు లక్షలకొలది జనులు దీనియందు నిమగ్నులై యున్నారు.

ఈ ఎంపికలో యోగ్యతను నిర్ణయించు విధమెట్టిదో ఒక్క జట్టును ఉదాహరణముగా గైకొని విచారింతము. ఆ జట్టు శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్. అది 2014 మొదలుకొని సాంటా క్లారా పట్టణమున ఆడుచున్నది. ఆ ప్రాంతమున మన తెలుగు కుటుంబములు పెక్కు కాపురమున్నవి గనుక ఆ పేరు మనలో కొందరికి పరిచితమే.

ఆ ఫుట్‌బాలు మన మెరిగిన కాలిబంతి కాదు. రెండు కొనలు సన్నగిల్లిన బంతిని చేతబట్టి పరుగెత్తుటయు, విసరుటయు అందు ముఖ్యము. నాలుగు ప్రయత్నములలో పది గజములు సాగవలెను. కొసగీతను దాటించినచో టచ్‌డౌన్. బంతిని విసరువాడు క్వార్టర్‌బ్యాక్. చంకనిడుకొని పరుగెత్తువాడు రన్నింగ్ బ్యాక్. దూరమున అందుకొనువాడు వైడ్ రిసీవర్. అడ్డుకొనుటయు అందుకొనుటయు రెండును చేయువాడు టైట్ ఎండ్.

ఇక మార్కుల సంగతి. పలుచోట్ల వాడుకలోనున్న పద్ధతి యిది: పది గజములకు ఒకటి, టచ్‌డౌన్‌కు ఆరు, అందుకొనిన ప్రతి బంతికి ఒకటి. క్వార్టర్‌బ్యాక్‌కు మాత్రము విసరిన 25 గజములకు ఒకటి, టచ్‌డౌన్‌కు నాలుగు. బంతి ఎదిరిచేత పడినచో రెండు తీసివేత.

2023 నాటి లెక్కలు చూడుడు. రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెకాఫ్రీ పరుగున 1,459 గజములు, అందుకొనుటయందు 564 గజములు, వెరసి 2,023 గజములు సాధించెను. టచ్‌డౌన్లు 21, అందుకొనిన బంతులు 67. జారవిడిచిన బంతుల తీసివేతను మినహాయించిన, మొత్తము రమారమి 395 మార్కులు. వైడ్ రిసీవర్ బ్రాండన్ అయూక్‌కు 75 బంతులు, 1,342 గజములు, 7 టచ్‌డౌన్లు, అనగా 251. డీబో శామ్యూల్‌కు రమారమి 244. టైట్ ఎండ్ జార్జి కిటిల్‌కు 65 బంతులు, 1,020 గజములు, 6 టచ్‌డౌన్లు; అనగా 203. క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ 4,280 గజములు విసరి, 31 టచ్‌డౌన్లు చేయించి, 11 మారులు బంతిని ఎదిరికి కోల్పోయెను. తాను పరుగెత్తి సంపాదించినదియు కలిపిన రమారమి 299. ఈ పర్డీ 2022 నాటి నిజమైన ఎంపికలో 262వ వాడు, అనగా కట్టకడపటి వాడు.

అయినచో పర్డీని అయూక్‌కంటె ముందు ఏరుకొనవలెనా? వలదు. ప్రతి ఊహాజట్టునకును సాధారణముగా ఒక్క క్వార్టర్‌బ్యాక్ చాలును. పదిమంది ఆడుచోట పదిమందియే కావలెను. నిజమైన జట్లు 32 ఉన్నవి. కావున ఆలస్యముగా ఏరుకొన్నను దాదాపు సమానుడు దొరకును. రన్నింగ్ బ్యాకులు, వైడ్ రిసీవర్లు తలకు ఇద్దరు ముగ్గురు కావలెను గనుక వారు త్వరగా తరుగుదురు. టైట్ ఎండులలో వేయి గజములు దాటువారు బహు కొలది. అందుచే కిటిల్ యొక్క 203 మార్కులు పైకి కనబడుదానికంటె విలువ గలవి. ఒక ఆటగాని వెల ఎంతయని తెలిసికొనుటకు అతని మొత్తమును గాక, అతడు లేనిచో ఉచితముగా దొరకు వానికంటె అతనికెంత హెచ్చో దానిని గుణించవలెను. ధాన్యము పుష్కలముగా పండిన యేట మేలిరకపు ధాన్యమునకును ధర తగ్గుట మన మెరిగినదే.

రెండవ సూత్రము: మార్కు లెక్కడనుండి వచ్చినవో చూడవలెను. శామ్యూల్ మార్కులలో 72 టచ్‌డౌన్ల వలన వచ్చినవే. గజములు ప్రతి యేటను కొంత నిలకడగా నుండును. టచ్‌డౌన్లలో కాకతాళీయమునకు పాలెక్కువ. అతనికి 2021లో 14, 2022లో 5, 2023లో 12, 2024లో 4 టచ్‌డౌన్లు వచ్చినవి. ఒక్క మెతుకు పట్టి చూచి అన్నము ఉడికినదని చెప్పు స్థాలీపులాక న్యాయము ఇచట చెల్లదు.

మూడవది: బంతి ఒక్కటే. 2023లో మెకాఫ్రీ, అయూక్, శామ్యూల్, కిటిల్ నలుగురును ఒక్కొక్కరు వేయి గజములు దాటిరి. ఇట్టి సమృద్ధి అరుదు. ఒకే జట్టునుండి ముగ్గురిని ఏరుకొనిన, ఒకని లాభము మరియొకని నష్టము కావచ్చును.

నాలుగవది దేహము. మెకాఫ్రీ 2020లో మూడు పోటీలే ఆడెను, 2021లో ఏడు. 2023లో అతడు 339 మారులు బంతిని మోసెను. అన్ని మారులును అతనిని పడద్రోయుటకు బలిష్ఠులు మీద పడుచుందురు. అయినను 2024లో అతడే పెక్కుచోట్ల మొట్టమొదటి ఎంపిక. ఆ సెప్టెంబరు 9న మొదటి పోటీకే అతడు మడమ నరపు నొప్పిచే దిగలేదు. అతనికి బదులు దిగిన జోర్డాన్ మేసన్‌ను 2022 నాటి నిజమైన ఎంపికలో ఏ జట్టును కోరలేదు. అతడు ఆ రాత్రి 147 గజములు పరుగెత్తెను. మెకాఫ్రీ నవంబరులో తిరిగివచ్చి, డిసెంబరు 1న బఫలోలో మంచునందు మోకాలు దెబ్బతీసికొనెను. ఆ యేడంతయు నాలుగు పోటీలు, 348 గజములు, టచ్‌డౌన్ ఒక్కటియు లేదు. జట్టు పదునేడు పోటీలలో ఆరు గెలిచి పదునొకండు ఓడెను.

శ్రోతలారా, ఈ మార్కులు కొలువజాలనిది కూడ కలదు. ఎడమవైపు కాపుండు ట్రెంట్ విలియమ్స్ ఎదిరిని నిలువరింపనిచో మెకాఫ్రీకి పరుగెత్త దారి లేదు, పర్డీకి విసర తీరిక లేదు. ఆ పనికి ఈ లెక్కలో మార్కు సున్న. పాఠశాలలోను ఇట్టివారు కలరు: తాను వెనుకబడియు తోటివానికి పాఠము చెప్పు బాలునికి ఏ పరీక్షాపత్రమును మార్కు వేయదు.

మరియొకటి. రికీ పియర్సాల్ అను క్రొత్త వైడ్ రిసీవర్‌ను 2024 ఆగస్టు 31న శాన్ ఫ్రాన్సిస్కో నగరవీథిలో ఒక దోపిడికాడు రొమ్మున తుపాకితో కాల్చెను. దైవవశమున అతడు బ్రదికి, అక్టోబరు 20న మొదటి పోటీ ఆడెను. ఆనాడే అదే మైదానమున అయూక్ మోకాటి నరము తెగి, ఆ యేటికి అతని ఆట ముగిసెను. ఊహాజట్ల లెక్కలో ఒకని పేరున స్వల్పముగా మార్కులు చేరినవి. మరియొకని పేరు కొట్టివేయబడినది. అంతకుమించి ఆ లెక్కకు తెలియదు. మృత్యుముఖమునుండి యేడు వారములలో లేచివచ్చినవాని ధైర్యమునకుగాని, నేలబడిన వాని బాధకుగాని అందు గడి లేదు.

కావున ఈ వినోదమును నిందింపను. అంకెను విచారించుట, అరుదైనదానిని గుర్తించుట, అదృష్టమును సామర్థ్యమును వేరుపరచుట ఇందుండి నేర్వవచ్చును. ధనము మాత్రము పణముగా నొడ్డరాదు. ధనముతో ఆడు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. రెండవది, మీరు ఏరుకొనిన ఆటగాడు నేలబడినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న "నా మార్కులేమగును?" అని కాదు, "అతడు లేచెనా?" అని. ఈ క్రమము తప్పనివాడు మార్కులలో ఓడినను ఆటను బాగుగ చూచినవాడే.