భూచక్రంతో ఒక ఏడాది
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కాబట్టి ఉద్యోగాల గురించో, పట్టుదల గురించో మాట్లాడతానని నిర్వాహకులు అనుకుని ఉంటారు. నేను మాత్రం నిరుడు ఆదివారాలన్నీ ఏం చేశానో చెబుతాను. ఒక యంత్రాన్ని తయారుచేసి, ఊరూరా తీసుకెళ్లి వేరేవాళ్ల యంత్రాలతో పోట్లాడించాను. మా ఆవిడ దీన్ని "యాభై ఐదో ఏట పట్టిన పిచ్చి" అంటుంది. చదువుల సభలో ఈ పిచ్చికి పనేమిటో చివర్లో మీకే తెలుస్తుంది.

వీటిని పోరాట రోబోలు అంటారు. పేరు రోబో అయినా సొంతంగా ఆలోచించవు, రిమోట్‌తో మనమే నడపాలి. 1994లో శాన్ ఫ్రాన్సిస్కోలో మార్క్ థోర్ప్ అనే ఆయన 'రోబోట్ వార్స్' పేరుతో పోటీ పెట్టాక ఈ ఆటకు పేరొచ్చింది. 1998లో బీబీసీ టీవీకెక్కింది. మన దేశంలో ఐఐటీ బొంబాయి టెక్‌ఫెస్ట్ లాంటి ఉత్సవాల్లో దీన్ని చూడ్డానికి జనం విరగబడతారు.

మన వైపు బరి అంటే సంక్రాంతి కోడిపందేలే గుర్తొస్తాయి. ఇదీ బరే. చుట్టూ మందపాటి పాలికార్బొనేట్ గోడలుంటాయి. ఆట 3 నిమిషాలు. 10 లెక్కపెట్టేలోగా కదలని రోబో ఓడినట్టు. రెండూ నిలబడితే ఎవరు ఎక్కువ దెబ్బతీశారు, ఎవరు ముందుకు దూకారు, ఎవరి అదుపు బాగుంది అని చూసి న్యాయనిర్ణేతలు తేలుస్తారు. కత్తులున్నా నెత్తురు ఉండదు. ఆట అయ్యాక గెలిచినవాడే వచ్చి, ఓడినవాడి పక్కన కూర్చుని స్క్రూలు విప్పి పెడతాడు.

నా జట్టులో ముగ్గురం. నేను, డిప్లొమా చదివే మా మేనల్లుడు, హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న లేత్ షాపు నడిపే ఒక మేస్త్రి. మేం దిగిన విభాగంలో రోబో బరువు 1500 గ్రాములు దాటకూడదు. చట్రం, మోటార్లు, బ్యాటరీ, ఆయుధం అన్నీ అందులోనే సర్దాలి. మొదటిసారి బిగించి తూస్తే 1640 వచ్చింది. అక్కణ్ణుంచి నెల రోజులు గ్రాముల లెక్కే. స్క్రూలు పొట్టివి వేశాం, వైర్లు కత్తిరించాం, చట్రానికి బలం అక్కర్లేని చోటల్లా చిల్లులు పెట్టాం.

ముందు భాగంలో నిలువుగా గిర్రున తిరిగే ఉక్కు బిళ్లే మా ఆయుధం. అందుకే దీపావళి భూచక్రం పేరు పెట్టాం. బిళ్ల బరువు 300 గ్రాములు, వ్యాసం 10 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 10,000 చుట్లు. ఇంటర్ చదివే పిల్లలుంటే లెక్క కట్టుకోండి, దానిలో దాగిన శక్తి సుమారు 205 జౌళ్లు. ఆ శక్తంతా ఎదుటి రోబోకి చేరితే, కాగితం మీద, దాన్ని 14 మీటర్ల ఎత్తుకు, అంటే నాలుగంతస్తుల మేడంత ఎత్తుకు విసరొచ్చు. నిజం పోరులో అందులో కొంతే చేరుతుంది. ఎంత చేరుతుందన్నదే అసలు విద్య.

బిళ్లకు రెండు పళ్లు పెడదామన్నాను. మా మేనల్లుడు ఒప్పుకోలేదు. "మామయ్యా, ఒక్క పన్ను చాలు. రెండుంటే కొరకదు, గీరుతుంది" అన్నాడు. లెక్క చూస్తే వాడి మాటే నిలబడింది. బిళ్ల ఒక చుట్టు తిరగడానికి 6 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 2 మీటర్ల వేగంతో మీదికెళ్తే, ఆలోగా ఎదుటి రోబో 12 మిల్లీమీటర్లు లోపలికొస్తుంది. రెండు పళ్లుంటే 6 మిల్లీమీటర్లే. కొరికే లోతు సగమైపోతుంది.

ఒంటి పన్నుతో బిళ్ల ఒకవైపు బరువెక్కి అదిరిపోతుంది. ఆ తూకం సరిచేసింది, పన్నుకు పదును పెట్టించింది మా మేస్త్రే. ఆయన చదివింది ఏడో తరగతి. "సార్, గట్టిదనం ఎక్కువైతే పగులుద్ది, తక్కువైతే వంగుద్ది. మజ్జలో ఆపాలి" అంటాడు. వేడిచేస్తున్న ఉక్కు మీద గడ్డి రంగు, ఊదా, నీలం వరసగా పూస్తుంటే ఎక్కడ ఆపాలో చూసి చెబుతాడు. మన ఊళ్లో కమ్మరి కొడవలిని కాల్చి, నీళ్లలో ముంచి, మళ్లీ కాస్త వేడి చూపించేవాడే, అదే విద్య. నేను ముప్పై ఏళ్లుగా ఆ పట్టికలను పుస్తకాల్లో చూశాను. ఆయన కంటితో చదువుతాడు.

బరిలో మొదటి వింత ఏమిటంటే, ఆయుధం తిరుగుతుండగా వేగంగా మలుపు తిప్పితే భూచక్రం ఒక చక్రం మీద లేచి నిలబడేది. తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు సైకిల్ చక్రాన్ని తిప్పి, ఇరుసు చేతికిచ్చి, పక్కకు వంచమన్నారు. ఆ చక్రం నా మాట వినకుండా మొండికేసింది. సూత్రం అదే. నలభై ఏళ్ల తర్వాత ఆ పాఠం నా వేళ్లకు పనికొచ్చింది.

ఏడాదిలో 3 పోటీలకు వెళ్లాం. రెండు ఓటములైతే ఇంటికే. మొదటిదాంట్లో రెండూ ఓడాం. అడ్డంగా తిరిగే బ్లేడున్న ఒక కాలేజీ పిల్లల రోబో మా చక్రాన్ని ఊడగొట్టి గోడకు కొట్టింది. ఆ తర్వాత చక్రాల చుట్టూ పగలకుండా సాగి దెబ్బను మింగే తెల్లటి ప్లాస్టిక్ కవచం వేశాం. రెండో పోటీలో ఒకటి, మూడోదాంట్లో రెండు గెలిచాం. మొత్తం 9 పోరాటాల్లో 3 గెలుపులు. ఖర్చు దాదాపు 60 వేలు. ఈ లెక్క మా ఆవిడకు తెలుసు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఇది ప్రమాదం లేని ఆట కాదు. లిథియం బ్యాటరీకి పెద్ద దెబ్బ తగిలితే మంటలొస్తాయి. దగ్గర ఇసుక బకెట్ ఉండాలి, ఛార్జింగ్‌లో పెట్టి పక్కకు పోకూడదు. బరిలో పెట్టేదాకా ఆయుధానికి తాళం తీయకూడదు. రిమోట్ సిగ్నల్ పోయిన క్షణం అన్నీ వాటంతటవే ఆగాలి. అందుకే బడిపిల్లలకు ఈ ఆట వద్దంటాను.

వాళ్లకు తగ్గ ఆట వేరే ఉంది. జపాన్‌లో పుట్టిన రోబో సుమో. అందులో మినీ విభాగంలో రోబో బరువు 500 గ్రాములలోపు, పొడవు వెడల్పులు 10 సెంటీమీటర్లలోపు ఉండాలి. బరి 77 సెంటీమీటర్ల గుండ్రటి బల్ల. కత్తి లేదు, నెట్టుకోవడమే. మామూలు బ్యాటరీ సెల్స్, రెండు చిన్న మోటార్లు చాలు.

ఇప్పుడు అసలు విషయం. నా విన్నపాలు రెండు.

మొదటిది, మన బడిలో క్రాఫ్టు గది ఉంది. మనం చీపుళ్లు, సుద్దముక్కలు చేసిన గది. ఇప్పుడది విరిగిన బెంచీల కొట్టు. ప్రధానోపాధ్యాయులు అనుమతిస్తే దాన్ని ఖాళీ చేసి రెండు బల్లలు, నాలుగు వైసులు, ఆకురాళ్లు, రంపాలు, ఒక డ్రిల్లు పెడదాం. ఆ సామాను నేను ఇస్తాను. నెలకో ఆదివారం వచ్చి పిల్లల దగ్గర కూర్చుంటాను. ఇంకో ముగ్గురు తలా ఒక ఆదివారం పంచుకుంటే నెలంతా ఆ తలుపు తెరిచే ఉంటుంది.

రెండోది చెప్పడం కాస్త కష్టం. మన సంఘంలో సభ్యత్వం ఈ బడిలో పదో తరగతి పూర్తి చేసినవాళ్లకే. యాభై ఏళ్లుగా అదే నియమం. ఎనిమిదిలో, తొమ్మిదిలో ఇంటి అవసరాల కోసం బడి మానినవాళ్లు మన బ్యాచ్‌లోనే పన్నెండు మంది ఉన్నారు. వాళ్లలో ఒకడు ఇప్పుడు బస్టాండు వెనక మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కాలిన మోటారును వాసన చూసి ఎక్కడ పోయిందో చెబుతాడు. ఈరోజు ఈ షామియానాలో అతను లేడు, ఎందుకంటే మనం పిలవలేదు. అతనూ ఇదే బడిలో, నా పక్కనే కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడు.

ఆ గది తెరిస్తే పిల్లలకు నాకంటే బాగా నేర్పగలవాడు అతనే. ఈ బడి హాజరుపట్టీలో ఒక్క ఏడాది పేరున్నా సభ్యత్వం ఇవ్వాలని ఈ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాను. బలపరిచేవాళ్లు కావాలి. భోజనాలయ్యాక ఎవరూ జారుకోకండి.

సెలవు.